అఖాతం మీద తళుకు

మా అన్నయ్య హీబర్ టిజార్డ్ తన జీవితంలో ఆఖరి పంతొమ్మిదేళ్ళు ఒక మాట పలకలేదు. అది బూతు కాదు, శాపం కాదు, ఎవరి పేరూ కాదు. మా న్యూఫౌండ్‌లాండ్ తీరంలో పాలపళ్ళ పిల్లలకు కూడా తెలిసిన మాట. తళుకు.

చలికాలం చివర్లో నేల ఇంకా గడ్డకట్టి ఉండగానే పైన గాలి కాస్త మెత్తబడుతుంది. అప్పుడు పడే వాన మామూలు వానలాగే పడుతుంది. తాకిన చోట మాత్రం గాజై నిలిచిపోతుంది. కొమ్మ మీద, కంచె మీద, తంతి తీగ మీద, తీయడం మరిచిపోయిన చొక్కా మీద. మర్నాడు ఎండ వస్తే అడవి మొత్తం దీపాలు అమ్మే కొట్టులా ఉంటుంది. దాన్నే మా వాళ్ళు తళుకు అంటారు. "తళుకు పడింది, గుర్రాన్ని బయటికి తీయకు" అంటారు. ఆ మాటలో మాకు వెలుగు కనపడదు. కొమ్మలు విరిగే చప్పుడు వినపడుతుంది.

మాది షోల్ టికిల్. పదమూడు ఇళ్ళు, ఒక చర్చి, ఉప్పు చేపలు ఆరబెట్టే కర్ర మంచెలు. నాన్న సీల్ అనే సముద్ర జంతువుల వేటకు వెళ్ళి, తేలే మంచు పలకల మీద దారి తప్పి, రెండు వేళ్ళు అక్కడే వదిలి వచ్చాడు. అన్నయ్యకు పదిహేడేళ్ళప్పుడు మా రేవులో గట్టిపడ్డ సముద్రం మీద ఒక చిన్న విమానం దిగింది. ఇంజను చెడి దిగింది. పైలట్ దాన్ని బాగుచేసుకునే రెండు రోజులూ అన్నయ్య దాని పక్కనే నిలబడ్డాడు. అన్నానికి పిలిస్తే రాలేదు.

"చేపల కంపు లేని పని కూడా ఉంటుందన్నమాట" అన్నాడట చివరికి.

అప్పటికి మాకు వేరే దేశమైన కెనడా వెళ్ళి రైలు పట్టాల దగ్గర మూడేళ్ళు పారపని చేసి, విమానం నడపడం నేర్చుకుని తిరిగొచ్చాడు. చక్రాల బదులు మంచు మీద జారే స్కీలు కట్టిన విమానంలో ఉత్తరాలు మోశాడు, రోగుల్ని మోశాడు. వసంతంలో సీల్ మందలు ఎక్కడున్నాయో పైనుంచి చూసి ఓడలకు చెప్పేవాడు. "వీడు పైనుంచి చూపిస్తాడు, కింద వాళ్ళు చంపుతారు. దేవుడి ఉద్యోగం కూడా ఇంతేగా" అనేది అమ్మ. మా ఇంట్లో మాట్లాడే తీరు అది. భయం వేసిన దాన్ని మేం దాని పేరుతో పిలవం. దాని మీద ఒక వెక్కిరింత వేసి పక్కన కూర్చుంటాం. ఈ అలవాటు సంగతి గుర్తుంచుకోవాలి.

యుద్ధం వచ్చింది. అమెరికాలో తయారైన బాంబర్లు ఇంగ్లండుకు చేరాలి. ఓడల్లో పంపితే జలాంతర్గాములు ముంచుతున్నాయి. ఎగిరే వెళ్ళాలన్నారు. చలికాలంలో ఆ సముద్రాన్ని ఎగిరి దాటడం అంతకు ముందు ఎవరూ చేయని పని. దాటాల్సింది మా అడవి మధ్యలో కొట్టిన గాండర్ విమానాశ్రయం నుంచి. మొదట వచ్చినవాళ్ళు యూనిఫాం లేని మామూలు పైలట్లు. పొలాల మీద మందు చల్లినవాళ్ళు, సర్కస్‌లో పల్టీలు కొట్టినవాళ్ళు, అన్నయ్యలాంటి ఉత్తరాల వాళ్ళు. తర్వాత వైమానిక దళం కుర్రాళ్ళు వచ్చారు, ఇస్త్రీ మడతలతో.

నేను పైలట్ల భోజనశాలలో చేరాను. నానబెట్టిన గట్టి రొట్టె, ఉప్పు చేప, పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు. అది తినలేని కుర్రాళ్ళకు బీన్స్, టోస్టు. అందరికీ టీ.

రాత్రంతా పది పన్నెండు గంటలు నీళ్ళ మీద చీకట్లో ఎగరడం. కేబిన్లోనే అదనపు పెట్రోలు పీపాలు. అవతల ఒడ్డున దిగి, విమానం అప్పగించి, ఒక సంతకం తీసుకుని, మరో బాంబరు కడుపులో పరుపుల మీద పడుకుని వణుకుతూ తిరిగి రావడం. మళ్ళీ మొదలు. "పడవ దాటించేవాడికి రెండు ఒడ్లూ పరాయివే డ్రూసీ" అనేవాడు అన్నయ్య నాతో. ఆయనది సీల్ తోలు బూట్లు, చిమ్మటలు కొట్టిన బొచ్చు టోపీ. దళం కుర్రాళ్ళు ఆయన లోపలికి రాగానే "టాక్సీ వచ్చింది, లేవండ్రా" అనేవాళ్ళు. ఆయన టోపీ తీసి వంగి దండం పెట్టేవాడు.

పంతొమ్మిది వందల నలభై రెండు మార్చి. వాతావరణం బాగులేక ఐదు రోజులుగా అందరూ ఇరుక్కుపోయి ఉన్నారు. ఆ మధ్యాహ్నం డెనిస్ థర్టిల్ అనే కుర్రాడు కిటికీ పక్క బల్ల దగ్గర ఉత్తరం రాసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళు. ఇంగ్లండులో నార్ఫోక్ వైపు వాడు. చెవులు పెద్దవి, నవ్వితే ఇంకా పెద్దవయ్యేవి. అన్నయ్య తన విమానాన్ని పరీక్షించడానికి తీరం దాకా వెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు వాతావరణం గదికి వెళ్ళాడు. అక్కడ ఎవరూ లేకపోవడంతో బల్ల మీద చీటీ రాసి పెట్టాడు. తర్వాత మా దగ్గరికి వచ్చి డెనిస్ ఎదురుగా కూర్చుని బూట్లు విప్పుకోసాగాడు.

"ఇవాళ వెళ్తున్నావా నాయనా?"

"వెళ్తున్నాం పెద్దాయనా, ఆరింటికి. మీరు?"

"నేనా? నా బండి ఇవాళ కదలదు."

"టాక్సీలకు ఆదివారం సెలవు" అన్నాడు డెనిస్ పక్కనున్న నావిగేటరు. బల్ల మొత్తం నవ్వింది.

అన్నయ్య కూడా నవ్వాడు. "సాయంత్రానికి అఖాతం మీద తళుకు" అన్నాడు, ఎడమ బూటు లాగుతూ.

"తళుకా!" డెనిస్ కలం ఆపాడు. "అయితే చూసి తీరాల్సిందే."

అన్నయ్య తలెత్తి వాడి ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు. మెచ్చుకున్న చూపు అది. పరాయి ఊరి కుర్రాడు మా మనిషిలా మాట్లాడాడే అనుకున్నాడు. తుపానులో పడవ తోసే మా నాన్న కూడా సరిగ్గా అలాగే అనేవాడు. ఇదుగో, చూసి వస్తాను అని.

"చూస్తావులే నాయనా" అన్నాడు అన్నయ్య. "కళ్ళనిండా చూస్తావు."

అప్పుడు టీ పోస్తున్నది నేను. నేనూ విన్నాను. నేనూ నవ్వి, "స్వెట్టరు వేసుకెళ్ళు మరి" అన్నాను. వెళ్ళేముందు వాడు ఉత్తరం మడిచి నా చేతికిచ్చాడు. "పోస్టులో వేస్తారా? మా అమ్మకి." నేను వేశాను.

విమానం సరిగ్గా ఆరింటికి లేచింది. డెనిస్, నావిగేటరు, రేడియో ఆపరేటరు, ముగ్గురు. వాతావరణం గదిలో సాయంత్రం డ్యూటీకి వచ్చింది కొత్తగా టొరంటో నుంచి వచ్చినవాడు. అన్నయ్య చీటీ చూశాడట. పక్కకు పెట్టాడట. తీరంలోని ఊళ్ళ నుంచి తంతి వార్తలు ఏమీ రాలేదు గనక అక్కడ విశేషం ఏమీ లేదనుకున్నాడట. వార్త ఎందుకు రాలేదంటే, తీగలు అప్పటికే తళుకు బరువుకు తెగి నేల మీద ఉన్నాయి.

రెండు రోజులు వెతికారు. వేటగాళ్ళతో పాటు అన్నయ్య కూడా వెళ్ళాడు. తీరం వైపు పంతొమ్మిది మైళ్ళలో దొరికింది. రెక్కల మీద బొటనవేలి మందాన గాజు. అడవి మొత్తం వెలుగుతూ, విరుగుతూ ఉందని చెప్పాడు. ముగ్గురినీ మంచు మీద లాగే స్లెడ్జి బండి మీద తెచ్చారు. సరస్సు పక్క శ్మశానంలో నేల తవ్వడానికి లేదు. ఒక పగలంతా మంట పెట్టి మట్టిని మెత్తబరిచి తవ్వాం.

విచారణలో ఆ చీటీ బయటికి తీశారు. "అఖాతం మీద తళుకు" అని ఉంది, కింద అన్నయ్య పేరు. ఇదేమిటని అడిగారు. ఆయన చెప్పాడు.

"మరి గడ్డకట్టే వాన అని స్పష్టంగా ఎందుకు రాయలేదు మీరు?" అన్నాడు అధికారి.

"రాశానండి" అన్నాడు అన్నయ్య. "అదే రాశాను."

ఎవరి తప్పూ లేదని తేల్చారు. బయటికి వచ్చాక అన్నయ్య మెట్ల మీద ఆగాడు. "వాడికి అర్థం కాలేదు డ్రూసీ. వాడు నిజంగానే చూడాలనుకున్నాడు" అన్నాడు. ఆ తర్వాత తళుకు అన్న మాట ఆయన నోట మళ్ళీ వినలేదు. అలాంటి వాన పడ్డ రోజున బయటికి వెళ్ళి గాజు తొడిగిన కొమ్మ ఒకటి విరిచి తెచ్చేవాడు. ఎగరబోయే ప్రతివాడి చేతిలో పెట్టేవాడు. "పట్టుకో" అనేవాడు, అంతే. వాళ్ళు దాని బరువు చూసేవాళ్ళు. తర్వాత కిటికీలోంచి తమ విమానం రెక్కల వైపు చూసేవాళ్ళు. టాక్సీ అనడం అందరూ మానేశారు. ఆ సంగతి ఆయన గమనించాడో లేదో తెలియదు.

సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. 'గాండర్‌లో బొచ్చు టోపీ పెట్టుకునే పెద్ద పైలట్ గారికి' అని కవరు మీద. రాసింది డెనిస్ తల్లి మేబెల్ థర్టిల్. కొడుకు చివరి ఉత్తరం తనకు చేరిందని రాసింది. అందులో సగం సెన్సారు వాళ్ళు నల్ల సిరాతో కొట్టేశారట. ఊరి పేరు, విమానం పేరు, గాలీ వానా గురించి రాసిన ప్రతి మాటా. గాండర్ పేరు ఆమెకు సమాధి వివరాలతో వచ్చిన కాగితంలో తెలిసిందట. మిగిలిన నాలుగు ముక్కల్లో ఇది ఒకటి: 'ఇక్కడొక బొచ్చు టోపీ పెద్ద పైలట్ నన్ను నాయనా అంటాడు. సాయంత్రం అఖాతం మీద ఏదో తళుకు ఉందట, కళ్ళనిండా చూస్తావు అన్నాడు. చూసి వచ్చి నీకు చెప్తాను అమ్మా.'

వాతావరణం గురించి ఒక్క అక్షరం కూడా ఉంచని మనుషులు ఆ మాటను ఉంచారు. అది వాతావరణమని వాళ్ళకూ తెలియలేదు.

'నాకు ఒక్కటే తెలియాలి' అని రాసిందామె. 'వాడు చూశాడా?'

ఆ కాగితాన్ని తోలు కోటు లోపలి జేబులో పెట్టుకుని అన్నయ్య సముద్రం ఏడుసార్లు దాటాడు. జవాబు రాయడానికి కూర్చునేవాడు, చించేవాడు. నిజం రాస్తే ఆమెకు కొడుకు చివరి సంతోషం కూడా పోతుంది. రాయకపోతే ఆమె అడుగుతూనే ఉంటుంది. క్రిస్మస్‌కు ముందు వంటింట్లోకి వచ్చి నా ముందు ఉత్తరం పెట్టాడు.

"నీ చేతిరాత బాగుంటుంది. నువ్వు రాయి."

"ఏమని?"

"చూశాడని."

"అన్నయ్యా..."

"అబద్ధమా?" అన్నాడు. "చెప్పవే, అబద్ధమా?"

కాదు. అదే కదా. డెనిస్ ముందున్న అద్దం నిండా, రెండు రెక్కల నిండా అదే ఉంది. వాడు చూడకుండా ఎలా ఉంటాడు? నేను రాశాను. 'అవునమ్మా. చూశాడు.' కింద అన్నయ్య సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చేది. ఒకసారి బూడిదరంగు ఊలు మేజోళ్ళు వచ్చాయి, తనే అల్లినవి. అన్నయ్య వాటిని సొరుగులో పెట్టి తాళం వేశాడు. పాదాలు మొద్దుబారే చలిలో కూడా తీయలేదు.

యుద్ధం అయిపోయింది. నలభై ఆరుసార్లు దాటినవాడికి పతకం లేదు. యూనిఫాం లేదు గనక ఊరేగింపులో చోటూ లేదు. "యుద్ధంలో ఏం చేశావు హీబర్?" అంటే "అప్పగింతలు" అనేవాడు. ఒక చెవి పూర్తిగా పోయింది. రన్‌వే మీద మంచు తోసే బండి నడిపే పనిలో చేరాడు.

నలభై ఏడు ఏప్రిల్లో మిసెస్ థర్టిల్ వస్తున్నానని రాసింది, కొడుకు సమాధి చూడటానికి.

"వద్దని రాయి" అన్నాడు అన్నయ్య.

"ఓడెక్కేసింది అన్నయ్యా. ఇది మనకు చేరేసరికి ఓడలో ఉంటానని రాసింది."

రైలు దిగిన మనిషి చాలా చిన్నగా ఉంది. గోధుమరంగు కోటు, మగవాళ్ళవి లాంటి చేతులు. భర్త పోయాక కమ్మరి కొలిమి తనే నడుపుతోందట. చెవులు చూడగానే పోల్చుకున్నాను. అవే చెవులు. మా వంటింట్లో టీ తాగుతూ అన్నయ్యను తనివితీరా చూసింది.

"మీరు మా వాణ్ణి నాయనా అన్నారట."

"ఇక్కడ అందర్నీ అంటామమ్మా" అన్నాడు అన్నయ్య, కాస్త కటువుగా.

"అయితేనేం. వాడికి నచ్చింది, అందుకే రాశాడు."

మర్నాడు సమాధి దగ్గరికి తీసుకెళ్ళాం. ఏడవలేదు. శిలువ వంకరగా ఉందని రాయితో కొట్టి నిటారు చేసింది. తిరిగొచ్చేటప్పుడు గాలి తూర్పుకు తిరిగింది. భోజనాల వేళకు వాన మొదలైంది. కాసేపటికి ఆ వాన చప్పుడు మారింది. పెంకుల మీద ఇసుక చల్లినట్టు. అన్నయ్య చేతిలోని చెంచా కింద పెట్టాడు. నేనూ ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆమె ఇంకో బంగాళాదుంప వేసుకుంది.

తెల్లారేసరికి ఎండ. మేం లేచేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంది. తలుపు తీస్తే పెరట్లో నిలబడి ఉంది. బర్చి చెట్టు కింద చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి, చిన్నపిల్లలా నవ్వుతోంది. ప్రతి రెమ్మ చివరా ఒక సూర్యుడు. కంచె వెలుగుతోంది, బావి మీద గిలక వెలుగుతోంది, దూరంగా అఖాతం వైపు అడవి మొత్తం వెలుగుతోంది.

"ఇదేనా?" అంది వెనక్కి తిరిగి. "వాడు చూసింది ఇదేనా?"

అన్నయ్య గడప మీదే ఉండిపోయాడు.

ఆయన బదులు బర్చి కొమ్మ పలికింది. తుపాకి పేలినట్టు విరిగి, కంచె మీద పడి, దాన్ని నేలకూల్చింది. అడవిలో ఇంకొకటి. తర్వాత ఇంకొకటి, దూరంగా, ఎవరో వరసగా కాలుస్తున్నట్టు. ఆమె చెయ్యి దించింది. పడిపోయిన కంచెను చూసింది. తెగి మా గుమ్మం దాకా వేలాడుతున్న తంతి తీగను చూసింది. తీగ చుట్టూ కట్టిన గాజు మందాన్ని వేళ్ళతో కొలిచింది. ఇనుము పని చేసే మనిషి. బరువు సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇది రెక్క మీద పడితే?" అంది, చాలా నెమ్మదిగా.

అన్నయ్య మెట్లు దిగాడు. అల్లిక సూదంత సన్నటి రెమ్మను ఒకదాన్ని విరిచాడు. విమానాల వాళ్ళ చేతుల్లో పెట్టినట్టే ఆమె అరచేతిలో పెట్టాడు. "పట్టుకో" అని కూడా అనలేదు. ఆమె చెయ్యి ఒకసారి కిందికి జారి మళ్ళీ నిలబడింది.

"మీరు దీన్నే అన్నారు వాడితో."

"అవునమ్మా."

"వెళ్ళొద్దనడానికి అన్నారు."

"అవును."

"వాడికి అది తెలియలేదు."

అన్నయ్య తల ఊపాడు.

"ఎలా అన్నారో ఒకసారి అనండి. అదే మాట. నేను వినాలి."

ఆయన ప్రయత్నించాడు. నేను చూస్తూనే ఉన్నాను. నాలుక పళ్ళ వెనక తగిలి ఆగిపోయింది. గాజు కరిగి ఆమె వేళ్ళ మధ్య నుంచి కారుతోంది.

"చూశాడని రాశారు" అంది చివరికి. "నాలుగేళ్ళకు పైగా ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను."

ఆ చేతిరాత నాదని అప్పుడు చెప్పాల్సింది. ఆ రోజు టీ పోస్తూ నవ్వింది నేనని చెప్పాల్సింది. నేను కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆమె నన్ను ఏమీ అడగలేదు. టీ పోసేవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు.

చెట్లు పడి రైలు మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర. ఆమె గిన్నెలు కడిగేది. అన్నయ్య అవసరానికి మించి కట్టెలు కొట్టేవాడు. ఎవరూ కోపంగా మాట్లాడలేదు. ఎవరూ మంచిగానూ మాట్లాడలేదు. "ఉప్పు ఇటివ్వండి", "పొయ్యి ఆరుతోంది", అంతే.

నాలుగో రోజు స్టేషనుకు బయల్దేరేటప్పుడు అన్నయ్య సొరుగు తాళం తీసి బూడిదరంగు మేజోళ్ళు తొడుక్కున్నాడు. ప్లాట్‌ఫారం మీద ఆమె కళ్ళు ఆయన బూట్ల పైకి వెళ్ళాయి, అక్కడ ఊలు అంచు కనిపిస్తోంది.

"మడమ దగ్గర బిగుతుగా ఉన్నాయా?" అంది.

"కొంచెం."

"పాదం ఇంత పెద్దదనుకోలేదు" అంటూ రైలెక్కింది. కిటికీ దగ్గర కూర్చుంది గానీ మా వైపు తిరగలేదు.

ఆ డిసెంబరులో కార్డు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. క్రిస్మస్ వారంలో అన్నయ్య పోస్టాఫీసు వైపు నడిచేవాడు, లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చేవాడు. మేజోళ్ళు మాత్రం చిరుగులు పడేదాకా వేసుకున్నాడు. చిరిగిన చోట నేను కుట్టబోతే చేతిలోంచి లాక్కుని తనే కుట్టుకునేవాడు, వంకరటింకరగా.

అరవై ఒకటి మార్చిలో పోయాడు, నిద్రలో. నేల రాయిలా ఉంది. ఒక పగలంతా మంట పెట్టాం. పూడ్చిన ఐదో రోజున సాయంత్రం వాన చప్పుడు మారింది. ఇప్పుడు రేడియోలో దాన్ని గడ్డకట్టే వాన అంటున్నారు. పిల్లలు కూడా అదే అంటున్నారు, మంచిదే. తెల్లారాక పెరట్లోకి వెళ్ళాను. వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోంది. అన్నయ్యలాగే ఒక రెమ్మ విరిచాను.

దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియక, అరచేయి తిమ్మిరెక్కేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.